పాత బాణానికి చేపల కిట్: ములికి భేష్, తాడు దండగ

ఆర్చరీ నేర్చుకుని మానేసినవాళ్ల ఇళ్లలో అటక మీద పాత బాణాలు కట్టలుగా పడి ఉంటాయి. వాటిని బౌఫిషింగ్‌కు, అంటే విల్లుతో చేపలు కొట్టడానికి, మార్చుకోవచ్చంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఇది. పెట్టెలో రెండు ముళ్ల స్టీలు ములికి, స్లైడ్ (బాణం మీద జారే, తాడు కట్టే ముక్క), దాన్ని ఆపే స్టాపర్, స్టాపర్ స్క్రూ, నైలాన్ తాడు వస్తాయి. ములికి, స్లైడ్ పెట్టిన డబ్బుకు తగ్గవే. తాడూ, బాణం సిద్ధం చేసుకునే సామానూ మాత్రం విడిగా కొనుక్కోక తప్పదు.

ఏ బాణానికైనా సరిపోతుందని పెట్టె మీద రాశారు. నమ్మొద్దు. కార్బన్ బాణం 25 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, నీళ్లలో పడగానే ఊపు చచ్చిపోతుంది. పైగా అడుగున రాయి తగిలి వెంట్రుకంత చీలిక వచ్చినా కంటికి ఆనదు. మళ్లీ నారి లాగి వదిలితే పుల్లలు పుల్లలుగా విరిగి చేతిలో దిగుతుంది. చెక్క బాణం తడికి వంకరపోతుంది. ఇక మిగిలింది అల్యూమినియం.

అందులోనూ 2016 అని రాసి ఉన్నది వెతకండి. మొదటి రెండంకెలు అంగుళంలో 64వ వంతుల్లో వ్యాసం, చివరి రెండూ వెయ్యో వంతుల్లో గోడ మందం. 20/64 అంటే 5/16 అంగుళం, దాదాపు 7.9 మి.మీ. కిట్ ములికి సాకెట్ కొలతా అదే. 2219 అయితే 8.7 మి.మీ., సాకెట్‌లో దూరదు. అరగదీసి దూరుద్దామంటే గోడే అర మిల్లీమీటరు లేదు.

గొట్టం బోలుగా వదిలేస్తే స్టాపర్ స్క్రూ కోసం వేసిన రంధ్రం దగ్గరే నొక్కుకుపోతుంది. లోపల 7 మి.మీ. ఫైబర్‌గ్లాస్ రాడ్ దింపాలి. అప్పుడు బరువు కూడా 80 గ్రాములకు దగ్గరపడుతుంది. మొదట బాణం రెక్కలు గీకేయండి, ఉంచితే నీళ్లలో బాణాన్ని పక్కకు లాగేస్తాయి. పాత ములికి హాట్‌మెల్ట్‌తో (వేడికి కరిగే జిగురు) అతికించిందైతే మరిగే నీళ్లలో ముంచితే ఊడి వస్తుంది. రాడ్‌ను ఎమిరీ పేపర్‌తో గరుకు చేసి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పూసి తిప్పుతూ తోయాలి. అయిదు నిమిషాల రకం వాడితే రాడ్ సగం దారిలోనే బిగుసుకుంటుంది. వెనక చివర మూసి ఉన్న గొట్టమైతే గాలి పోవడానికి 1.5 మి.మీ. రంధ్రం వేయండి, లేకపోతే లోపలి గాలి రాడ్‌ను వెనక్కి నెట్టేస్తుంది. ఫైబర్‌గ్లాస్ కోసేటప్పుడు మాస్క్ పెట్టుకుని, తడిపి కోయండి. ఆ నూగు ఒంటికి తగిలితే దురద అంత తొందరగా వదలదు. ఎపాక్సీ, డ్రిల్ బిట్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక్క చక్కర్‌తో దొరికిపోతాయి. రాడ్ దింపిన బాణాన్ని ఒక రోజంతా ఆరనివ్వాలి.

కిట్‌లో అసలు విలువైనది స్లైడే. తాడును బాణం తోకకు కట్టేస్తే వదిలినప్పుడు అది నారికి చుట్టుకోవచ్చు. అప్పుడు బాణం తిరిగొచ్చేది మొహం మీదికే. స్లైడ్ ఉంటే నారి లాగినప్పుడు తాడు ముందే ఉంటుంది, బాణం వెళ్లాక స్లైడ్ వెనక్కి జారి స్టాపర్ దగ్గర ఆగుతుంది. గొట్టం మీద అది పైనుంచి కింద దాకా ఎక్కడా పట్టకుండా జారాలి. రంధ్రం అంచున కరుకు మిగిలితే అక్కడే ఆగుతుంది, అరగదీయండి. స్టాపర్ స్క్రూ మాత్రం దానంతటదే వదులవుతుంది. మరలు వదులవకుండా పట్టే నీలం లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేస్తే సరి.

నైలాన్ తాడును పారేయండి. రబ్బరులా సాగుతుంది. ములికి అడుగున ఇరుక్కున్నప్పుడు సాగదీసి లాగితే బాణం దూసుకొచ్చి మీద పడుతుంది. 200 పౌండ్ల బరువు ఆపే అల్లిక తాడు కట్టండి. గుర్రపుడెక్క వేర్లలో చిక్కుకుంటే విల్లుతో లాగొద్దు, తాడును కర్రకు చుట్టి పక్కకు జరిగి లాగండి. ములికి ముందు భాగాన్ని రెండు మూడు చుట్లు విప్పితే ముళ్లు తిరగబడి చేప జారి వస్తుంది. ఆ మర చక్కగా పనిచేస్తోంది, అయితే ఇసుక పడితే బిగుసుకుంటుంది కాబట్టి ప్రతిసారీ కడగాలి.

నారి లాగడానికి 30–40 పౌండ్ల బలం పట్టే విల్లు చాలు. చేప కనిపించే చోట ఉండదు, ఇంకా కిందుంటుంది. మూడు మీటర్ల దూరంలో ముప్పై సెంటీమీటర్ల లోతున ఉంటే పది సెంటీమీటర్లు కిందికి గురిపెట్టాలి. కొట్టిన చేపను తిరిగి వదలడమనేది ఉండదు. మన చెరువుల్లో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాలది, కాబట్టి సంఘం అనుమతి గానీ, సొంత చేపల కుంట గానీ లేనివాళ్లకు ఈ కిట్ అటక మీది బాణాల పక్కకే చేరుతుంది.