డిసెబిలిటీ పెన్షన్ ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త: ఒరిజినల్ కాగితాలు, ఖాళీ చెక్కులు ఇవ్వొద్దు

రిటైరై ఇంటికొచ్చిన ఫౌజీ సోదరులకు, ఇంకా సర్వీసులో ఉండి లో మెడికల్ క్యాటగిరీలో (జబ్బు వల్ల ఫిట్‌నెస్ గ్రేడు తగ్గించిన వర్గంలో) ఉన్న తమ్ముళ్లకు ఈ పోస్టు. "మెడికల్ బోర్డు నుంచి ఎరియర్స్ (పాత బకాయిలు) దాకా అంతా మేమే చూసుకుంటాం, ముందు పైసా ఇవ్వక్కర్లేదు, డబ్బు పడ్డాకే 30 శాతం" అని మన వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు తిరుగుతున్నాయి కదా, వాటిని నమ్మి ఎవరూ కాగితాలు అప్పగించొద్దు. అలాంటి ఒక కన్సల్టెన్సీ చేతిలో నేను పడ్డ ఇబ్బంది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఫిర్యాదు పోలీసుల దగ్గర ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. మీరు చూడాల్సింది వాళ్లు పనిచేసే తీరు.

నేను ఆర్టిలరీలో హవల్దార్‌గా చేసి, టర్మ్ పూర్తయ్యాక బయటికొచ్చాను. రిలీజ్ మెడికల్ బోర్డులో (సర్వీసు నుంచి పంపే ముందు చేసే వైద్య పరీక్షలో) ప్రైమరీ హైపర్‌టెన్షన్, అంటే బీపీ, 30 శాతం డిసెబిలిటీ, జీవితాంతం అని రాశారు. అక్కడిదాకా బాగానే ఉంది. కింద మాత్రం ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని తేల్చేశారు, మనవాళ్లు 'నానా' అంటారే, అదే. కారణం ఒక్క లైను: జబ్బు పీస్ స్టేషన్‌లో (ఫీల్డ్ డ్యూటీ లేని మామూలు చోట) మొదలైంది. కశ్మీర్ నుంచి దిగి పీస్‌కి వచ్చిన కొద్ది నెలలకే బీపీ బయటపడిందన్న సంగతి ఆ లైనులో ఎక్కడా లేదు. దాంతో డిసెబిలిటీ ఎలిమెంట్ (మామూలు పెన్షన్ మీద వైకల్యానికి అదనంగా ఇచ్చే భాగం) క్లెయిమ్ తిరస్కరించారు. ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు చేసుకోవచ్చని ఆ లెటర్లోనే ఉంటుంది. సరిగ్గా ఈ లెటర్ చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక తిరిగేవాళ్ల కోసమే ఈ కన్సల్టెన్సీలు కాచుకుని కూర్చుంటాయి.

నేను వెళ్లిన చోట ముందు కూర్చునే మనిషి మన మాజీ సుబేదారే. యూనిట్ అడుగుతాడు, టీ తెప్పిస్తాడు, "అరే, మనోడివే" అంటాడు. తర్వాత అడిగినవి ఇవీ: డిశ్చార్జ్ బుక్, పీపీవో (పెన్షన్ మంజూరు ఆర్డరు), మెడికల్ బోర్డు కాగితాలు, అన్నీ ఒరిజినల్స్. ఆధార్. మన పెన్షన్ ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్. సంతకం చేసిన ఖాళీ చెక్కులు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద వచ్చే ఎరియర్స్‌లో 30 శాతం ఇస్తానని ఒప్పందం. "ఇది లేకపోతే ఫైలు కదలదు, అందరూ ఇచ్చినవే" అన్నారు. ముందు పైసా వద్దన్నవాళ్లే తర్వాత ఫైలు ఖర్చని ఒకసారి, పెన్షన్ ఆఫీసున్న ప్రయాగ్‌రాజ్‌లో మనిషిని పెట్టామని ఒకసారి, బోర్డులో డాక్టర్ గారిని చూసుకోవాలని ఇంకోసారి డబ్బు తీసుకున్నారు. ఒక్కదానికీ రసీదు లేదు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది మందుల విషయం. "రివ్యూ మెడికల్ బోర్డు పెట్టిస్తాం, దానికి వారం ముందు బీపీ మాత్రలు మానెయ్, రీడింగ్ ఎక్కువ రావాలి" అన్నాడు ఆ మనిషి. మా ఆవిడ అక్కడే ఉంది కాబట్టి సరిపోయింది, "డబ్బు కోసం మా ఆయన్ని చంపుతారా" అని గట్టిగా అడిగింది. అన్నలారా, బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే పక్షవాతం రావచ్చు, గుండెకు ప్రమాదం. పైగా దానివల్ల ఒరిగేదేమీ లేదు. బోర్డు ఆ ఒక్క రోజు రీడింగ్ చూసి శాతం వేయదు, ఈసీజీ, ఎకో, కంటి పరీక్ష, మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ చూస్తుంది. బీపీ వల్ల గుండె, కిడ్నీ, కన్ను ఎంత దెబ్బతిన్నాయన్నదే వాళ్లకు లెక్క. వినికిడి కేసుల్లోనూ అంతే, వినపడనట్టు నటించమని నేర్పిస్తున్నారట. బెరా టెస్టులో మీరు చెప్పే సమాధానంతో పనే లేదు, తలకు పెట్టిన ఎలక్ట్రోడ్ల నుంచి నేరుగా తెలిసిపోతుంది. నిజంగా తోపుల శబ్దానికి చెవి పోయినవాడు కూడా నటిస్తూ దొరికితే ఇక ఎవరు నమ్ముతారు?

ఇంకో సంగతి గమనించండి. నా కేసులో శాతం గురించి గొడవే లేదు, 30 ముందే ఉంది. గొడవంతా సర్వీసు వల్ల వచ్చిందా లేదా అన్నదాని మీద. అలాంటప్పుడు కొత్త మెడికల్ ఎందుకు? మళ్లీ డబ్బు లాగడానికి తప్ప ఇంకెందుకూ కాదు. మీ దగ్గర ఎవరైనా రీమెడికల్ ప్యాకేజీ అంటే ముందు మీ రిజెక్షన్ లెటర్ తీసి, శాతం 20 కంటే తక్కువని కొట్టేశారా, 'నానా' అని కొట్టేశారా చూసుకోండి. రెండూ వేర్వేరు దారులు.

ఇక వాళ్లు నా తరఫున పంపిన అప్పీలు కాపీ తర్వాత ఎప్పుడో నా చేతికొచ్చింది. మొదటి పేజీలో నా నంబరు, ర్యాంకు, పేరు కరెక్టే. లోపల ఒక పేరాలో నేను నౌకలో డ్యూటీ చేశానని, సముద్రంలో ఎక్కువకాలం ఉండటం వల్ల నడుం నొప్పి వచ్చిందని ఉంది. ఎవరో నేవీ సోదరుడి అప్పీలులో పేరు మార్చి పంపేశారు. నా బీపీ గురించి, కశ్మీర్ పోస్టింగ్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ అప్పీలు నిలవదని వేరే చెప్పాలా? మొదటి అప్పీలు కొట్టేశారు, ఇప్పుడు ఆ కాగితం నా ఫైల్లో శాశ్వతంగా ఉండిపోయింది.

ఆ తర్వాత స్పర్శ్ ఓపెన్ చేద్దామంటే ఓటీపీ రాలేదు. చూస్తే అందులో మొబైల్ నంబరు మార్చేసి ఉంది. మన పెన్షన్ పడే బ్యాంకు ఖాతా వివరాలు, లైఫ్ సర్టిఫికెట్, గ్రీవెన్స్ అన్నీ అందులోనే కదా. ఊళ్లో కామన్ సర్వీస్ సెంటర్‌లో కూర్చుని, మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయంలో లెటర్ రాయించుకుని, నంబరు మళ్లీ నా పేరు మీదకి తెచ్చుకునే లోపు టెన్షన్‌తో నా బీపీ నిజంగానే పెరిగింది. ఒరిజినల్స్ అడిగితే ముందు సెటిల్‌మెంట్ చెయ్ అన్నారు, లేదంటే చెక్కులు బ్యాంకులో వేస్తామని బెదిరించారు.

కన్సల్టెన్సీ అడిగే ఆ 30 శాతం వాటా అంటే ఎంతో లెక్క వేసి చూడండి. 2023 సెప్టెంబర్ 21 కంటే ముందు బయటికొచ్చినవాళ్ల లెక్క ఇది, ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్లకు కొత్త ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్ వర్తిస్తాయి. పాత లెక్క చూపించి కొత్తవాళ్లకు ఆశ పెడుతున్నారు, అది కూడా మోసమే. పాత పద్ధతిలో 100 శాతం డిసెబిలిటీకి చివరి ఎమాల్యుమెంట్స్‌లో (సర్వీసు చివర్లో లెక్కకు తీసుకునే జీతంలో) 30 శాతం వస్తుంది. 20 నుంచి 49 దాకా ఉన్నవాళ్లను రౌండ్ చేసి 50 శాతంగా చూస్తారు, అంటే 15 శాతం. టర్మ్ పూర్తిచేసి వచ్చినవాళ్లకు కూడా ఈ రౌండింగ్ వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు 2014 డిసెంబర్ 10న తేల్చి చెప్పింది. చివరి ఎమాల్యుమెంట్స్ 40,000 అనుకుంటే నెలకు 6,000, మీద డీఆర్ (కరువు భృతి). మూడేళ్ల ఎరియర్స్ డీఆర్ లేకుండానే 2,16,000. అందులో 30 శాతం అంటే 64,800. మన పిల్లల కాలేజీ ఫీజు అది. ఒక కాపీ పేస్ట్ అప్పీలుకు అంత ఇవ్వాలా?

అసలు అలాంటి ఒప్పందం చెల్లదు. 1871 పెన్షన్స్ యాక్ట్ సెక్షన్ 12 ప్రకారం, ఇంకా చేతికి రాని పెన్షన్ డబ్బును ముందే వేరేవాళ్లకు రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదు. లాయర్లకైతే బార్ కౌన్సిల్ రూల్స్ ఉన్నాయి, కేసు గెలిస్తే ఇంత అని ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చినదాంట్లో వాటా తీసుకోకూడదు. ఈ రెండు ముక్కలూ ఆ సుబేదార్ గారి ముందు చెప్పినప్పుడు మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

మరి ఏం చేయాలి అంటే, ముందు మీ కాగితాలు మీ చేతిలోకి తెచ్చుకోండి. మీ సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకు (మా ఆర్టిలరీకి నాసిక్ రోడ్; ఇంజనీరింగ్ రిపేర్లు చూసే ఈఎంఈ, ఆయుధ సామగ్రి చూసే ఏవోసీ వాళ్లకైతే సికింద్రాబాదే) 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టి మీ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం కాపీ అడగండి. దాన్ని ఏఎఫ్‌ఎమ్‌ఎస్‌ఎఫ్-16 అంటారు. నాకు అలాగే వచ్చింది. అందులో రెండు చోట్ల వేలు పెట్టి చదవండి. ఒకటి, భర్తీ అప్పుడు ఈ జబ్బు ఉన్నట్టు ఏమైనా రాశారా అన్నది. రెండు, పోస్టింగ్‌ల పట్టికలో ఏది ఫీల్డ్, ఏది పీస్ అని వేశారన్నది. భర్తీ నాడు ఏ జబ్బూ రాయకుండా తీసుకుని, తర్వాత వస్తే అది సర్వీసులో వచ్చినట్టే అనుకోవాలి, కాదని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అని ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆ తీర్పు చాలా కేసుల్లో మనవాళ్లకు పనికొచ్చింది.

మొదటి అప్పీలు, రెండో అప్పీలు మీ రికార్డ్ ఆఫీసు ద్వారానే వెళ్తాయి, అప్పీలు మీ సొంత మాటల్లో రాసినా పరవాలేదు, మీ జబ్బు, మీ పోస్టింగ్, మీ తేదీలు ఉండాలి. అక్కడ కాకపోతే సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్. రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లం చెన్నై బెంచ్ కిందికి వస్తాం. ఆలస్యమైందని వదిలేయకండి, పెన్షన్ నెలనెలా వచ్చేది కాబట్టి కేసు పూర్తిగా పోదు, కానీ తర్సేమ్ సింగ్ తీర్పు (2008) ప్రకారం ఎరియర్స్ మామూలుగా కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లవే ఇస్తారు. ఏజెంటు చేతిలో ఫైలు ఊరికే పడున్న ప్రతి నెలా మీ డబ్బే పోతోంది. లాయర్ ఫీజు భారమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన 2025 జూలైలో మొదలైంది, ఉచిత న్యాయ సహాయం కోసం అక్కడే లీగల్ క్లినిక్ పెట్టే పథకం అది. మీ జిల్లాలో ఉందో లేదో కనుక్కోండి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, మీ మెడికల్ క్యాటగిరీ నిర్ణయించే ప్రతి క్యాటగిరైజేషన్ బోర్డు కాపీ ఇప్పుడే దాచుకోండి. రిలీజ్ బోర్డులో మీ స్టేట్‌మెంట్ కాలమ్ క్లర్క్ నింపితే చదవకుండా సంతకం పెట్టకండి. జబ్బు మొదటిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో, దానికి ముందు ఏ ఫీల్డ్ ఏరియాలో ఉన్నారో అందులో ఉండాలి. ఇంటికి పోయే తొందరలో ఉంటాం, నిజమే, కానీ తర్వాత ఆ కాలమ్ మీదే కేసంతా నడుస్తుంది.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు ఉంటే, స్పర్శ్ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి, అందులో మొబైల్ నంబరు, బ్యాంకు ఖాతా మీవేనా చూడండి. బ్యాంకుకు రాతపూర్వకంగా స్టాప్ పేమెంట్ ఇవ్వండి, చెక్కు నంబర్లతో సహా. అది ఒక్కటే చాలదు, స్టాప్ పేమెంట్ చేసినా చెక్ బౌన్స్ కేసు వేయొచ్చు, అందుకే ఖాళీ చెక్కులు ఏమని చెప్పి తీసుకున్నారో పోలీసు ఫిర్యాదులో స్పష్టంగా రాయించి రసీదు తీసుకోండి. ఒరిజినల్స్ ఏమేం వాళ్ల దగ్గరున్నాయో కూడా అందులో ఉండాలి, డిశ్చార్జ్ బుక్ పోతే డూప్లికేట్ కోసం రికార్డ్స్‌కు రాసినప్పుడు ఆ ఫిర్యాదు కాపీ పనికొస్తుంది. నాకు డిశ్చార్జ్ బుక్, పీపీవో తిరిగొచ్చాయి, స్టేషన్‌కు పిలిచాకే ఇచ్చారు. చెక్కులు ఇంకా రాలేదు. రెండో అప్పీలు ఈసారి నేనే రాసి నాసిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఎవరికైనా ఆర్టీఐ అప్లికేషన్ ఎలా రాయాలో తెలియకపోతే కింద అడగండి, నేను పెట్టినదాంట్లో నా వివరాలు తీసేసి పంపిస్తాను.