పాత డెస్క్‌టాప్‌లో ఇంటి సర్వర్: ట్రూనాస్ మేలా, ఓపెన్‌మీడియావాల్ట్ మేలా?

మా బీరువా పై అరలో ఐదు పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లు ఉండేవి. దేంట్లో ఏముందో రాసి అంటించిన స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి. అక్క సీమంతం ఫోటోలు చూడాలని అమ్మ అడిగిందంటే ఐదూ వరసగా ల్యాప్‌టాప్‌కి తగిలించుకుంటూ పోవాల్సిందే. పోయిన ఎండాకాలం వాటిలో ఒకటి టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. కనెక్టర్ చూస్తే చిలుము పట్టి ఉంది. విశాఖ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి ఇంత దగ్గరలో కిటికీ ఊచలకే తుప్పు ఆగదు, ఇదెంత? అదృష్టం బాగుండి అందులో ఉన్నవన్నీ సినిమాలే.

ఆ ఆదివారమే అటక మీద నుంచి పాత డెస్క్‌టాప్ దించాను. నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. ఫైళ్ళన్నీ అందులో పెట్టేసి, ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా తెరుచుకునేలా చేయాలని ఆలోచన. పైసా కట్టక్కర్లేని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో బాగా పేరున్నవి రెండు: ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్. రెండోదాన్ని వాడేవాళ్ళంతా ఓఎంవీ అనే అంటారు. ఒక్కోటి నెలన్నర చొప్పున నడిపి చూశాను.

రెండిటి పుట్టుకా ఒకటే. 2005లో ఒలివియే కొషార్-లాబే, ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఫ్రీనాస్ మొదలుపెట్టాడు. తర్వాత దాని పని భుజాన వేసుకున్న ఫోల్కర్ టైలె, దాన్ని డెబియన్ అనే రకం లినక్స్ మీదికి మార్చాలనుకుని, చివరికి వేరుపడి ఓఎంవీ కట్టుకున్నాడు. ఫ్రీనాస్ ఐఎక్స్‌సిస్టమ్స్ అనే కంపెనీ చేతికి వెళ్ళి, 2020లో పేరు మార్చుకుని ట్రూనాస్ అయింది. తమాషా ఏమిటంటే ఇప్పుడొచ్చే కొత్త ట్రూనాస్ కూడా డెబియన్ మీదే నడుస్తోంది. వేరుపడ్డ తమ్ముడి వీధిలోకే అన్నా కాపురం మార్చినట్టయింది.

తేడా అంతా ఫైళ్ళు దాచే పద్ధతిలో ఉంది. ట్రూనాస్‌కి ప్రాణం జెడ్‌ఎఫ్‌ఎస్, సన్ మైక్రోసిస్టమ్స్ తయారుచేసిన ఫైల్ సిస్టమ్, అంటే డిస్క్ మీద ఫైళ్ళని అమర్చే పద్ధతి. డిస్క్ మీద రాసే ప్రతి ముక్కకీ చెక్‌సమ్ అనే ఒక సరిచూసుకునే అంకె లెక్కగట్టి విడిగా దాచుకుంటుంది. చదివేటప్పుడు లెక్క తేలకపోతే ఆ ముక్క పాడైనట్టు. రెండిటిలోనూ ఒకటే రాసే జంట డిస్క్‌లుంటే రెండోదాన్నుంచి మంచి ముక్క తెచ్చి అక్కడికక్కడే సరిచేస్తుంది.

ఇది విని ఊరుకోలేక రెండు పాత 500 జీబీ డిస్క్‌లు జంటగా పెట్టి, కొన్ని ఫోటోలు ఎక్కించి, ఒక డిస్క్ మీద కావాలనే చెత్త రాశాను. తర్వాత స్క్రబ్ నడిపించాను. అంటే డిస్క్ అంతా మొదటి నుంచి చివరి దాకా తనిఖీ చేయించడం. చెక్‌సమ్ తప్పుల గడిలో అంకె వందలు దాటింది. ఫోటోలు మాత్రం ఒక్కటీ చెడకుండా తెరుచుకున్నాయి. ఇదే పని ఓఎంవీలో మామూలు రెయిడ్ (డిస్క్‌లని జోడు కట్టే పద్ధతి) జంట మీద, లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌తో చేశాను. తనిఖీలో రెండు డిస్క్‌లూ సరిపోలడం లేదని చెప్పింది, అంతే. ఏది మంచిదో, ఏది చెడ్డదో దానికి తెలీదు. రీస్టార్ట్ చేసి తెరిస్తే ఒక ఫోటోలో కింది సగం బూడిద రంగు. ఓఎంవీలోనూ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ ఎంచుకుంటే చెక్‌సమ్‌లు ఉంటాయి, ప్లగిన్ (అదనపు భాగం) వేసుకుంటే జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా వస్తుంది. అయితే ట్రూనాస్‌లో అది పుట్టుకతోనే ఉంది, ఇక్కడ మనం తెచ్చి తగిలించాలి.

కరెంటు పోయినప్పుడు కూడా జెడ్‌ఎఫ్‌ఎస్‌దే పైచేయి. పాతదాని మీద రాయదు, కొత్తచోట రాసి, పూర్తయ్యాకే గుర్తు మారుస్తుంది. మధ్యలో ఆగిపోతే పాత స్థితి అలాగే ఉంటుంది. అలాగని యూపీఎస్ లేకుండా నడపమని చెప్పను. ఇన్వర్టర్ ఉందిలే అనుకుంటే, అది మారే ఆ క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవ్వచ్చు. మాది అయింది. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ అయితే బ్యాటరీ అడుగంటే లోపు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోయే ఏర్పాటు రెండిటిలోనూ ఉంది.

ఇంత చెప్పాక ట్రూనాసే పెట్టుకుని ఉంటానని అనుకుంటారు. మా ఇంట్లో నడుస్తున్నది ఓఎంవీ.

కారణం ఆ డిస్క్‌లే. మిగిలిన నాలుగూ నాలుగు సైజులు. ఒకదాని పెట్టె విప్పి చూస్తే లోపల కంప్యూటర్‌కి తగిలించే మామూలు సాటా పిన్నులు లేవు, యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డుకే అతికి ఉంది. అంటే బయటికి తీసి కంప్యూటర్లో బిగించడం కుదరదు. ట్రూనాస్ వాళ్ళు యూఎస్‌బీ డిస్క్‌లు వద్దంటారు, ఆ మాట నిజమే కూడా. పైగా జంట కడితే చిన్నదాని సైజే లెక్క: 4 టీబీకి 2 టీబీ జోడు కడితే చేతికొచ్చేది 2 టీబీ. ఓఎంవీలో మెర్జర్‌ఎఫ్‌ఎస్ అనే ప్లగిన్ సైజులు కలవని డిస్క్‌లన్నిటినీ ఒకే ఫోల్డర్‌లా చూపిస్తుంది. స్నాప్‌రెయిడ్ అనే ఇంకోటి ఒక డిస్క్‌ని కాపలాకి పెట్టుకుంటుంది, మిగతావాటిలో ఒకటి పోతే దాంట్లోవి తిరిగి తేవడానికి కావలసిన లెక్కలు అందులో ఉంటాయి. ఆ కాపలా డిస్క్ మిగతావాటిలో పెద్దదానికన్నా చిన్నది కాకూడదు. రోజూ రాత్రి రెండు గంటలకి ఆ లెక్కలు సింక్ అయ్యేలా పెట్టాను. పగలు ఎక్కించినవాటికి ఆ రాత్రి దాకా రక్షణ ఉండదు, అది ఒప్పుకునే దిగాలి. నాకు నచ్చింది ఇంకోటి: సర్వర్ మొత్తం తగలబడ్డా, కాపలాది కాక మిగిలిన ఏ డిస్క్‌నైనా తీసుకెళ్ళి వేరే లినక్స్ మెషిన్‌కి పెడితే దాంట్లో ఉన్న ఫైళ్ళు కనిపిస్తాయి.

ఓఎంవీకి 1 జీబీ ర్యామ్ ఉన్నా చాలు, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. ట్రూనాస్‌కి తక్కువలో తక్కువ 8 జీబీ కావాలి, రాస్ప్‌బెర్రీ పై మీద ఎక్కదు. కరెంటు బిల్లు మాట కూడా చూసుకోవాలి. మా డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 35 వాట్లు లాగుతోంది, అంటే నెలకి పాతిక యూనిట్లు. శ్లాబ్ అంచున ఉన్న ఇంటికి అది చిన్న అంకె కాదు. రాస్ప్‌బెర్రీ పై 10 వాట్లలో ఉంటే ఏడు యూనిట్లతో పోతుంది.

ఓఎంవీతో చికాకు లేదని కాదు. ఏ సెట్టింగ్ మార్చినా పైన ఒక పట్టీ వస్తుంది, అక్కడ టిక్కు నొక్కితేనే అమల్లోకి వస్తుంది. అది గమనించక, అందరికీ తెరిచిన ఫోల్డర్ (షేర్) ఎందుకు కనబడడం లేదా అని అరగంట తల పట్టుకున్నాను. ట్రూనాస్‌లో ఆ బాధ లేదు గానీ, ఎవరికి ఏ ఫోల్డర్ తెరవనివ్వాలో చెప్పే పర్మిషన్ల పేజీ ఇన్‌కంటాక్స్ ఫారంలా ఉంటుంది. ఉత్త డెబియన్ మీద సాంబా (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే ప్రోగ్రామ్) వేసుకుంటే చాలదా అని అడుగుతారు. చాలు, తేలిక కూడా. నేను ఊళ్ళో లేనప్పుడు నాన్న ఏ కమాండ్ కొడతారు? వెబ్ పేజీ ఉంటే కనీసం ఫోన్లో, ‘పైన గంట బొమ్మ కనిపిస్తోందా నాన్నా, అది నొక్కండి’ అని చెప్పొచ్చు.

మధ్యలో ఒక సంగతి. మొదట్లో రెండింటిలోనూ కాపీ వేగం సెకనుకి 11 ఎంబీ దాటలేదు. సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్నాను. తీరా చూస్తే రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌లో ఎనిమిది తీగలకి నాలుగే క్రింప్ చేసి ఉన్నాయి. అలాగైతే 100 ఎంబీపీఎస్‌కి మించి రాదు. క్యాట్6 కేబుల్ మార్చగానే 110కి లేచింది.

బావ సంగతి వేరు. ఆయనకి గాజువాకలో ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫైళ్ళు పోతే పరువే పోతుంది. ఆయనకి ట్రూనాసే పెట్టించాను. ద్వారకానగర్‌లో రెండు 4 టీబీ డిస్క్‌లు కొనడానికి వెళ్తే, కౌంటర్లో అబ్బాయి ‘అన్నీ ఒకటే సార్’ అన్నాడు. ఒకటి కావు. డేటా వరసలని ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసే ఎస్‌ఎంఆర్ రకం డిస్క్‌లు జెడ్‌ఎఫ్‌ఎస్‌కి పడవు, పోయినదాని బదులు కొత్తది పెట్టి నింపేటప్పుడు రోజులకి రోజులు తినేస్తాయి. మోడల్ నంబర్ ఫోన్లో వెతికి, వరసలు విడివిడిగా రాసే సీఎంఆర్ రకం అని తేలాకే డబ్బులిచ్చాం. బూట్‌కి వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నాం, ట్రూనాస్ ఆ డిస్క్ మొత్తం తనకే ఉంచేసుకుంటుంది.

“ఏటి బామ్మర్దీ, రెండు డిస్కుల్లోనూ ఒకటే ఉంటాది కదా, మళ్ళీ బ్యాకప్ ఏటికి?” అన్నాడు బావ.

“ఒకదాంట్లో డిలీట్ కొడితే రెండోదాంట్లోనూ అదే క్షణం పోతుంది బావా.”

నెల తిరక్కుండానే స్టూడియో కుర్రాడు ఒక రిసెప్షన్ ఫోల్డర్ పొరపాటున లేపేశాడు. గంటకోసారి స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో గుర్తుంచుకునే ముద్ర, పడేలా పెట్టి ఉంచాను కాబట్టి బతికాం. విండోస్‌లో పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి, పాత వెర్షన్లలో పదకొండు గంటలది తెరిస్తే అంతా ఉంది. బావ ఆ రోజు కుర్రాడిని తిట్టడం కూడా మర్చిపోయాడు.

ఇప్పుడు రాత్రిళ్ళు ఆయన సర్వర్ నుంచి ముఖ్యమైన ఆల్బమ్‌లు ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో మా ఇంటికి వస్తాయి, మా ఫోటోలు అక్కడికి వెళ్తాయి. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను లాసన్స్ బేనీ గాజువాకనీ వేరుగా చూడలేదు. అందుకని ఒక డిస్క్ తమ్ముడి బ్యాగులో హైదరాబాద్ వెళ్ళింది. సంక్రాంతికి వాడు వచ్చేటప్పుడు తెస్తాడు, కొత్తవి ఎక్కించి మళ్ళీ అరిసెల డబ్బాతో పాటు పంపిస్తాం.