పాత లెన్సులతో తాడిపత్రి, గండికోట, లేపాక్షి

ఆటోఫోకస్ లేని, రింగు చేత్తో తిప్పి ఫోకస్ చేసే పాత లెన్సులు పట్టుకుని వెళ్లేవాళ్లకు ఊరు ఎంత అందంగా ఉందన్నది రెండో ప్రశ్న. అక్కడ ఎంతసేపు నిలబడనిస్తారన్నది మొదటిది. ఈసారి రాయలసీమ తిరుగుతూ గుళ్లనీ, కోటనీ, గుహలనీ, దిగిన గదులనీ, ఎక్కిన కార్లనీ అన్నింటినీ ఈ లెక్కనే తూచాను.

సంచిలో ఒక సోనీ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీ, మూడు లెన్సులు. సోవియట్ జెనిత్ కెమెరాలతో వచ్చిన హీలియోస్ 44-2, అంటే 58 ఎంఎం, ఎఫ్/2 (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను, అంటే అపర్చర్, అంత పెద్దగా తెరుచుకుంటుంది). అసాహీ వారి సూపర్ టకుమార్ 50 ఎంఎం, ఎఫ్/1.4. నికాన్ వారి నిక్కోర్ 105 ఎంఎం, ఎఫ్/2.5. మొదటి రెండూ ఎం42 అనే మర బిగింపువి, మూడోది నికాన్ ఎఫ్ బిగింపుది. లెన్సు బిగించే చోటి నుంచి ఫిల్ముకు ఉండాల్సిన దూరం ఎం42లో 45.46 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5 మి.మీ. సోనీ బాడీలో అది 18 మి.మీ. మాత్రమే. మిగిలిన ఖాళీని అడాప్టర్ పూరిస్తుంది. అందులో గాజు ఉండదు, ఉత్త గొట్టం. అందుకే మిర్రర్‌లెస్ వచ్చాక ఈ లెన్సులకు మళ్లీ గిరాకీ వచ్చింది. కెమెరా ఈ లెన్సులను గుర్తించదు కాబట్టి మెనూలో లెన్సు లేకపోయినా షట్టర్ పడేలా పెట్టుకోవాలి. చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్‌కు ఫోకల్ లెంగ్త్ (ఆ 58, 50, 105 ఎంఎం అంకె) మనమే చెప్పాలి, లెన్సు మార్చిన ప్రతిసారీ.

హైదరాబాద్ నుంచి రైల్లో తాడిపత్రి దిగాను. బస్టాండు పక్క లాడ్జిలో గది చిన్నదే కానీ దుప్పట్లు శుభ్రం, తెల్లవారుజామున వేన్నీళ్లు. అన్నిటికన్నా ముఖ్యం, ఐదు గంటలకే గేటు తీసిపెట్టారు. రోడ్డు హారన్లు తప్పవు, గోడవైపు గది అడగండి. ఎదురుగా బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆ రెండూ కడుపులో పడితే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు.

చింతల వేంకటరమణ స్వామి గుడిలో ముందు మండపం, రథం ఆకారంలో చెక్కిన గరుడ మందిరం చూసి చాలామంది వెళ్లిపోతారు. అసలు పని గోడల దగ్గర ఉంది. రామాయణం, కృష్ణలీలలు జానెడు జానెడు బొమ్మలుగా గోడంతా పరుచుకుని ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్లలో ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి. కాబట్టి మండపం నీడలో చేత్తోనే తీయాలి, అక్కడ టకుమార్ ఎఫ్/1.4 అక్కరకొస్తుంది. కానీ మీటరు దూరంలో ఆ అపర్చర్‌కు పదును దొరికేది మూడు సెంటీమీటర్ల మందంలోనే. ముక్కు మీద ఫోకస్ కుదిరితే చెవి కరిగిపోతుంది. బొమ్మల అంచుల చుట్టూ పల్చని వెలుగు పొర కూడా కమ్ముతుంది. ఎఫ్/2.8కి వస్తే ఆ పొర విడిపోయి ఉలి గీతలు లెక్కపెట్టేంత తేటగా కనిపిస్తాయి.

పదునున్న అంచులను రంగు చుక్కలతో చూపే ఫోకస్ పీకింగ్‌ను ఇక్కడ నమ్మకండి. గరుకు రాయి కావడంతో స్క్రీనంతా ఎర్ర చుక్కలు మెరుస్తాయి, ఏది నిజమైన పదునో తేలదు. పీకింగ్ ఆపేసి ఆ చోటును పెద్దది చేసి చూడడమే మేలు. రింగును సుమారుగా తిప్పి, ఊపిరి బిగబట్టి, ఒళ్లే కాస్త ముందుకీ వెనక్కీ వంచుతుంటే బొమ్మ కంటిరెప్ప ఒక్క క్షణం కత్తిలా తేలుతుంది. అప్పుడు నొక్కాలి.

పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాలు పూర్తికాకుండా ఆగిపోయాయి. పైన శిఖరాలు లేవు. కానీ కింద చెక్కిన శిల్పం చూస్తే ఇంకేమీ అక్కర్లేదనిపించింది. 105ను ఎఫ్/5.6 దగ్గర పెట్టి ఒక్కో కోణమే తీశాను. కాపలా పెద్దాయన చాలాసేపు చూసి దగ్గరికొచ్చాడు. "ఎండ ఇంకొంచెం పైకి రానీ సార్, ఈ పక్క బొమ్మలు లేచి నిలబడతాయి. అంతవరకు కూర్చో" అన్నాడు. ఆయన చెప్పినట్టే జరిగింది. టికెట్టు లేని ఆ సేవకు ఈ యాత్రలో సాటి వచ్చింది మరొకటి లేదు.

బెలూం గుహలు చూడాల్సినవే. 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనల్ని వెళ్లనిస్తారు. పాత లెన్సులకు మాత్రం అది చోటు కాదు. లోపల ఉక్క. ఏసీ కారులోంచి తిన్నగా దిగితే గాజంతా మంచు పడుతుంది. గాజు మీద మెరుపు తగ్గించే పూత ఒక్క పొరే ఉన్న (సింగిల్ కోటింగ్) హీలియోస్‌ను దీపాలకెదురుగా పెడితే చిత్రమంతా వెలిసిపోతుంది. ఆ తేమలో లెన్సు మార్చడమంటే ఫంగస్‌కు గది అద్దెకివ్వడమే. సంచి డిక్కీలో వదిలి, ఫోనుతో వెళ్లి హాయిగా చూసి రండి.

కారు సంగతి ఇక్కడే చెప్పాలి. "నాలుగు ప్లేసులు ఒక రోజులో" అనే ప్యాకేజీ తీసుకుంటే గంటకోసారి ఫోన్ మోగుతుంది. దానికన్నా రోజంతా బండి, కిలోమీటర్ల లెక్క వేరే అని ముందే మాట్లాడుకోవడం మంచిది. వెయిటింగ్‌కు కాస్త ఎక్కువైనా డ్రైవర్ మనశ్శాంతిగా నిద్రపోతాడు, మనం మనశ్శాంతిగా ఫోకస్ చేసుకుంటాం.

గండికోటలో బసకు రెండు దారులున్నాయి. కోటకు దగ్గర్లో టూరిజం వారి హరిత హోటల్, లేదంటే ప్రైవేటు టెంట్లు. మొదటి రాత్రి టెంటులో ఉన్నాను. పాటల మోత అర్ధరాత్రి దాటింది. చెప్పిన చోట కాక వేరే చోట టెంటు వేశారు, అడిగితే నవ్వి ఊరుకున్నారు. నవంబరు మంచుకు తెల్లారేసరికి సంచి తడిసింది. లెన్సులను జిప్ కవర్లలో వేసి ఉండబట్టి సరిపోయింది. రెండో రాత్రి హరితకు మారాను. గోడ, తలుపు, ఫ్యాను ఉన్న గదిలో లెన్సులు ఆరబెట్టుకోవచ్చు, బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవచ్చు. కెమెరాతో వచ్చేవాళ్లకు నా ఓటు దీనికే. రాగి సంగటి, నాటుకోడి పులుసు ముందుగా చెబితే ఊళ్లోనే వండి పెడతారు.

కోట పక్కన పెన్నా లోయ దగ్గర ఒక జాగ్రత్త. అడాప్టర్లను సాధారణంగా ఉండాల్సినదానికన్నా వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. అందువల్ల రింగు ఇన్ఫినిటీ (అనంత దూరం) గుర్తును దాటి కూడా తిరుగుతుంది. చివరిదాకా తిప్పి వదిలేస్తే పెన్నా అవతలి గట్టు మసకబారుతుంది. అవతలి బండల మీద పెద్దది చేసి చూసి, ఎఫ్/8 పెట్టి, అక్కడ రింగుకు చిన్న టేపు ముక్క అంటించాను. పొద్దుపొడిచాక ఇక చూసుకునే పని లేకపోయింది.

ధాన్యాగారం దారిలో ఒక అవ్వ సీతాఫలాలు అమ్ముతోంది. ఫోటో తీయనా అంటే తల ఊపింది. నేను 105 రింగు తిప్పుతూనే ఉన్నాను. "ఏం నాయనా, అంతసేపు ఏం తిప్పుతాండావు?" అని నవ్వింది. ఆ నవ్వే తీశాను. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం, స్టీవ్ మెక్‌కరీ తీసిన అఫ్ఘాన్ బాలిక, ఈ రకం నిక్కోర్ 105తో తీసిందే. మనిషికి మరీ మీదపడని దూరం అది. ముడతలను దాచదు, పొడవదు కూడా.

లేపాక్షికి హిందూపురంలో దిగాను. పదిహేను కిలోమీటర్లు, బస్సులు బాగానే ఉన్నాయి. శని, ఆదివారాలు బెంగళూరు జనం వేలాడే స్తంభం కింద గుడ్డలు దూరుస్తూ వరస కడతారు, మామూలు రోజున వెళ్లండి. ఇరవై ఏడు అడుగుల ఏకశిలా నంది మెడలోని గంటలకు హీలియోస్ బాగా కుదిరింది. వెనక చెట్ల ఆకులుంటేనే ఈ లెన్సుకు పేరు తెచ్చిన సుడి తిరిగే నేపథ్యం వస్తుంది, ఖాళీ ఆకాశం ఉంటే రాదు.

మండపం కప్పు మీది వర్ణచిత్రాలే నాకు అన్నింటికన్నా ముఖ్యం. ఫ్లాష్ వేయకండి, ఐదు వందల ఏళ్లనాటి రంగులవి. టకుమార్‌తో ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. ఏడు గాజుల రకంలో థోరియం కలిపిన గాజు వాడారు, ఏళ్లు గడిచేకొద్దీ అది పచ్చబడుతుంది. కప్పు మీది కావి ఎరుపు, తెలుపు రెండూ ఆ పసుపులో కలిసిపోతాయి. బూడిదరంగు కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించే సర్దుబాటు) తీసుకున్నాకే అసలు రంగులు దక్కాయి. వీలుంటే బయలుదేరే ముందే ఆ లెన్సును కొన్నాళ్లు ఎండలోనో యూవీ దీపం కిందో ఉంచండి, పసుపు చాలావరకు దిగిపోతుంది. ఎండలో పెడితే మంట పుట్టకుండా వెనక వైపు రేకు కప్పడం మరవద్దు.

తిరిగొచ్చాక మూడింటినీ కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయనకు చూపించాను. హీలియోస్ రింగులో గండికోట ఇసుక చేరిందని విప్పి, పాత గ్రీజు తుడిచి కొత్తది పెట్టాడు. అపర్చర్ రేకుల మీదికి నూనె పాకలేదని టార్చి వేసి నాకూ చూపించాడు. ఇంట్లో నలభై, యాభై శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెట్టమన్నాడు. అది లేకపోతే మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలట. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లు ఈ డబ్బా కొన్నాకే లెన్సు కొనండి.