మాల్గుడి డేస్ డీవీడీల పెట్టె: లోపలి సరుకు, పైపైని తయారీ

నెల్లూరు ట్రంకు రోడ్డుకు దగ్గరలో ఒక పాటల దుకాణం వ్యాపారం మానుకుంటూ మిగిలిన సరుకును తగ్గింపు ధరకు ఇచ్చేస్తున్నప్పుడు దొరికిన, ‘మాల్గుడి డేస్’ అనే పాత హిందీ టీవీ ధారావాహిక డీవీడీల పెట్టె గురించి ఈ సమీక్ష. దీనిని తయారు చేసిన వారి శ్రద్ధను మెచ్చుకోవడానికి నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. అయినా కొనవచ్చుననే అంటాను, ఎందుకంటే ఇందులో ఉన్నది దర్శకుడు శంకర్ నాగ్ పని. మాటల కంటే చేతల మీద, చేతిలోని వస్తువు మీద కథను నడపడం అతని పద్ధతి. హిందీ రాని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తే గాని ఆ పద్ధతి విలువ పూర్తిగా తెలియదు.

మాల్గుడి అనే ఊహా ఊరిని సృష్టించి ఆంగ్లంలో రాసిన ఆర్.కె. నారాయణ్ కథలను 1986లో దూరదర్శన్ కోసం తెరకెక్కించే నాటికి శంకర్ నాగ్‌కు ముప్పై రెండేళ్లు కూడా సరిగా నిండలేదు. అప్పటికే అతడు కన్నడంలో పేరున్న కథానాయకుడు, నాటకాల మనిషి, సినిమాలకు దర్శకత్వం వహించినవాడు. మన వైపు నుంచి బెంగళూరుకు వెళ్లివచ్చేవారిలో చాలామందికి ఆటోల వెనుక బొమ్మగానే అతడు తెలుసు. ఆ బొమ్మలోని మనిషే ఈ ఎపిసోడ్లు తీశాడంటే మా ఇంట్లో కుర్రవాళ్లు నమ్మలేదు. మొదటి విడతలో వచ్చిన 39 ఎపిసోడ్లు అతనివే. ఒక్కొక్కటి ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలకు మించదు. 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర కారు ప్రమాదంలో మరణించేనాటికి అతని వయసు 35 ఏళ్లు. 2006లో వచ్చిన మరో 15 ఎపిసోడ్లకు కవితా లంకేశ్ దర్శకురాలు.

ఈ పెట్టెలో నేను అందరికీ ముందుగా చూపించేది ఉత్తరం దాచిన పోస్టుమాన్ కథ. తానప్ప అనే పోస్టుమాన్ వీధిలో ప్రతి ఇంటి మంచిచెడ్డలూ తెలిసినవాడు. ఉత్తరం ఇచ్చి వెళ్లిపోకుండా అరుగు మీద కూర్చొని కబుర్లు చెప్పి గాని కదలడు. రామానుజం కూతురికి సంబంధం కుదర్చడంలో అతని మాటసాయం కూడా ఉంది. ముహూర్తం తప్పితే సంబంధమే చేజారిపోయేలా ఉన్న సమయంలో పెళ్లికూతురి తండ్రికి దగ్గరి బంధువు పోయాడన్న కబురు వస్తుంది. తానప్ప ఆ కబురును తన దగ్గరే ఉంచుకొని, పెళ్లి జరిగిపోయాక తెచ్చి ఇస్తాడు. కథ ఇంతే. చావు కబురు చేరితే మైల పట్టవలసి వస్తుందని, మైలలో పెళ్లి ఆగిపోతుందని తెలియని తెలుగు ఇల్లు ఉండదు గనుక మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చించివేసే అలవాటు మా పెద్దల కాలంలో ఇంటింటా ఉండేది. అలాంటి కార్డును ఒక మనిషి రోజుల తరబడి తన దగ్గర పెట్టుకొని తిరగడం ఎంత బరువో ఆ తరానికి ఇంకా బాగా తెలుసు.

కావలి నుంచి వచ్చిన మా మేనత్తకు హిందీలో ఒక్క ముక్క రాదు. పక్కన కూర్చొని అర్థం చెప్పబోయిన నన్ను ఆమె మధ్యలోనే ఆపివేసింది. “నువ్వుండబ్బయా, నాకు తెలస్తానే ఉంది. అది చావు కబురు. ఆ పిల్ల పెళ్లి కోసరం దాచిపెట్టినాడు,” అన్నది. చివర తానప్ప తలవంచుకొని నిలబడినప్పుడు ఆమె తీర్పు కూడా చెప్పింది: “తప్పే. అయినా నేనైతే కంప్లైంటు ఇయ్యను.” రామానుజం అన్న మాట కూడా దాదాపు అదే. ఫిర్యాదు చేయనని, కానీ ఈ పని చేసినందుకు బాధగా ఉందని మాత్రమే అతడంటాడు. అనువాదం లేకుండా ఒక ముసలామె కథలోని ఆఖరి మెలిక దాకా వెళ్లగలిగిందంటే, ముఖాలను ఎంతసేపు చూపాలో, ఎక్కడ మాట ఆపాలో దర్శకుడికి తెలిసి ఉండటమే అందుకు కారణం. సంగీతంతో ఏడిపించే అవకాశం ఉన్న చోట ఏడిపించకుండా వదిలివేయడం ఈనాటి మన సీరియళ్లు చూసి అలసిన కళ్లకు పెద్ద విశ్రాంతి.

స్వామి అనే బడి పిల్లవాడి కథలను అందరూ పొగిడారు, నేను కొత్తగా చేర్చవలసినది తక్కువ. స్వామిగా వేసిన మాస్టర్ మంజునాథ్‌ను గురించి ఎంత చెప్పినా చెప్పిందే చెప్పినట్టు ఉంటుంది. నాకు మాత్రం స్వామి తండ్రిగా వేసిన గిరీశ్ కర్నాడ్ మీదనే చూపు నిలిచింది. పులితో పోరాడిన కుర్రవాడి వార్త పత్రికలో చదివి, ధైర్యముంటే ఈ రాత్రి ఒంటరిగా నా ఆఫీసు గదిలో పడుకో అని కొడుకును ఇరికించే ఆ తండ్రిని దుర్మార్గుడిగా చూపడం చాలా తేలిక. శంకర్ నాగ్ అలా చూపలేదు. కఠినంగా ఉండటమే పెంపకమని నమ్మిన ఒక మర్యాదస్థుడిగా చూపాడు. అందువల్లనే చీకట్లో దెయ్యమనుకొని దొంగ కాలిని కొరికి స్వామి వీరుడైపోయినప్పుడు నవ్వు తండ్రి మీదికి కూడా కాస్త మళ్లుతుంది.

నలభై అయిదు రూపాయల జీతం కథలో విష్ణువర్ధన్ గుమస్తా. సినిమాకు తీసుకువెళతానని కూతురికి మాట ఇచ్చి, ఆఫీసు నుంచి కదలలేక, విసిగి రాజీనామా కాగితం రాసుకున్నవాడు జీతం అయిదు రూపాయలు పెరిగిందని వినగానే దాన్ని చించివేస్తాడు. ఇంటికి చేరేసరికి పిల్ల ముస్తాబుతోనే నిద్రపోయి ఉంటుంది. కన్నడ తెర మీద అంత పెద్ద కథానాయకుణ్ణి పట్టుకొని అతనిలో ఒక్క హీరో లక్షణం కూడా కనిపించకుండా చేయడం దర్శకుడి పట్టుకు గుర్తు.

నాకు రుచించనివీ ఉన్నాయి. మిఠాయి వ్యాపారి జగన్ కథను కొన్ని ఎపిసోడ్ల మేర సాగదీశారు. జగన్‌గా అనంత్ నాగ్ ఎంత బాగా చేసినా మధ్యలో పలచబడింది. ఒక్క కూర్చోవడంలో ముగిసే చిన్న కథలోనే శంకర్ నాగ్ చేయి బిగువుగా ఉంటుంది. అదీగాక, వానలకు పేరుపడ్డ కర్ణాటక ఊరు ఆగుంబెలో తీయడం వల్ల మాల్గుడి తడితడిగా, పచ్చగా, పెంకుటిళ్ల నీడల్లో కనిపిస్తుంది. ఎస్. రామచంద్ర కెమెరాలో అది అందంగానే ఉన్నా, నారాయణ్‌ను చదువుతూ నేను ఊహించుకున్నది సరయూ నది ఇసుక మీద ఎండ కాసే ఊరిని. కార్తీకంలో వాయుగుండం పడితే తప్ప వాన ఎరగని మా పెన్న ఒడ్డు వాళ్లకు ఎండే మాల్గుడికి దగ్గరగా అనిపిస్తుంది కాబోలు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, ఎల్. వైద్యనాథన్ సమకూర్చిన ఆ ప్రారంభ బాణీ మాత్రం ఏ ఊరివాళ్లకైనా సొంతమే.

ఇక పెట్టె సంగతి. పాత టీవీ చతురస్రానికి దగ్గరి కొలతలో తీసిన చిత్రాన్ని వెడల్పు తెరకు అతికేలా లాగినందున మనుషులంతా పొట్టిగా, బొద్దుగా కనిపిస్తారు. కర్నాడ్‌కు ఆ గతి పట్టడం చూడలేము. ఉపశీర్షికలు ఏ భాషలోనూ లేవు. అట్ట వెనుక ఎపిసోడ్ల పేర్లు ఉన్నాయే గాని ఏ డిస్కులో ఏది ఉందో రాయలేదు. శంకర్ నాగ్ తీసినవాటి మధ్యలో 2006 నాటివి ఏ గుర్తూ లేకుండా కలిపివేయడం ఇద్దరు దర్శకులకూ అన్యాయమే. శబ్దం కూడా ఒక ఎపిసోడులో గట్టిగా, తరువాతిదానిలో మందంగా ఉండి రిమోట్ చేతిలోనే పట్టుకోవలసి వస్తుంది.

పూర్తి ధర పెట్టి కొనమని చెప్పను. తగ్గింపులో దొరికితే వదులుకోవద్దు. టీవీ అమరికలలో చిత్రం కొలతను 4:3కు మార్చుకుంటే ముఖాలు చాలావరకు సరి అవుతాయి. రాత్రికి ఒకటి, మహా అయితే రెండు చూడండి. ఒకే నటుడు వేర్వేరు కథల్లో వేర్వేరు వేషాల్లో వస్తాడు గనుక వరసబెట్టి చూస్తే నిన్నటి గుమస్తా ఇవాళ ఇంకెవరో అయి తికమక కలుగుతుంది. ఇంట్లో బడి పిల్లలుంటే స్వామితో మొదలుపెట్టండి, పెద్దవాళ్లుంటే పోస్టుమాన్‌తో. మిఠాయి కథను సెలవుల దాకా ఆపుకోవచ్చు.