రెండు పట్టాలను ఒకేసారి పరీక్షించే అల్ట్రాసోనిక్ ట్రాలీ: మూడేళ్ల వాడకం తరువాత

పాతబడిన లైనులో ఏ పట్టాను వెంటనే మార్చాలో, దేన్ని ఇంకొన్నాళ్లు నడవనివ్వవచ్చో తేల్చుకోవలసినవారికి, రైలు పట్టాల మీద తోసుకుంటూ వెళ్తూ చెవికి వినిపించని ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లను వెతికే ఈ ట్రాలీ నిజంగా అక్కరకొచ్చే పరికరమని మా సెక్షన్‌లో మూడేళ్లు వాడిన మీదట చెబుతున్నాను. 60 కిలోల 90 యూటీఎస్ పట్టాకు (మీటరుకు 60 కిలోల బరువు; 90 అనేది ఉక్కు తెగకుండా తట్టుకునే లాగుడు బలాన్ని సూచించే అంకె) నిబంధనల ప్రకారం 800 జీఎంటీ, అంటే 80 కోట్ల టన్నుల రవాణా, ఆయుష్షుగా లెక్క. అయితే ఉప్పుగాలి తగిలేచోట పట్టా అంతకు ఎంతో ముందే తుప్పుకు లోనవుతుంది, పొడి నేలల్లో తిన్నగా సాగే లైనులో మాత్రం గట్టిగానే ఉంటుంది కనుక, కేవలం వయసు చూసి కిలోమీటర్ల కొద్దీ మార్చడం కంటే లోపమున్న ముక్కను వెతికి మార్చడంలోనే అసలైన పొదుపు ఉంది.

డబ్బాలోని నీరు సన్నగా ప్రోబుల (తరంగాలను పంపి, వాటి ప్రతిధ్వనిని అందుకునే భాగాలు) కిందికి పారుతుంటే, నిలువుగా దిగే తరంగం పట్టా పొడవునా పరుచుకున్న చీలికలను, 70 డిగ్రీల ప్రోబు తలభాగంలోని అడ్డు పగుళ్లను చూపుతాయి. ఒక తెల్లవారుజామున, పైకి అద్దంలా మెరుస్తున్న పట్టా దగ్గర బజరు మోగింది. ట్రాలీని వెనక్కి లాగి మళ్లీ తోస్తే సరిగ్గా అక్కడే మోగింది. పట్టా నడుముకు ఇరువైపులా ఎర్ర రంగుతో మూడేసి ఇంటూ గుర్తులు వేసి, 30 కిలోమీటర్ల వేగ పరిమితి పెట్టించి, లోపమున్నచోట పట్టాకు ఆసరాగా పక్కన జాగుల్డ్ ఫిష్‌ప్లేటు అనే వంపు తిరిగిన ఉక్కు పలక బిగించి, మూడు రోజుల్లోగా ఆ ముక్కను మార్చాం. తీసిన ముక్కను విరిచి చూస్తే తల లోపల రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ కనిపించింది. లైను వెంట నడిచి పట్టాలను తనిఖీ చేసే కీమన్ ఎంత అనుభవజ్ఞుడైనా కంటితో పసిగట్టగల లోపం కాదది.

పట్టా అడుగు అంచులను మాత్రం ఈ ట్రాలీ చూడలేదు. వెల్డు (రెండు పట్టాలను కరిగించి అతికిన చోటు) కింద పుట్టే అర్ధచంద్రాకారపు పగుళ్ల కోసం చేతి ప్రోబు పట్టుకుని ప్రతి వెల్డు దగ్గరా కూర్చోవలసిందే. వంపుల్లో గ్రీజు అంటిన పట్టా మీద ప్రతిధ్వని సరిగా రాదు. మాకు వచ్చిన పరికరంలో వానాకాలానికల్లా కేబుళ్లు పాడయ్యాయి. సరఫరాదారు మార్చి ఇచ్చేసరికి చాలా వారాలు పట్టింది, ఆ వారాలన్నీ పరీక్ష వెనకబడింది.

కొనేవారు అదనపు ప్రోబులు, కేబుళ్లు, బ్యాటరీలు, ఆపరేటర్ల శిక్షణ ఖర్చులను మొదటి అంచనాలోనే చేర్చుకోవాలి.