పిల్లలు ఎక్కాలి, వాసం దాటాలి: ఏ గుర్రం మేలు?

మా పెద్దమ్మాయికి పదకొండేళ్లు, గుర్రం మీద అడ్డు వాసాలు దూకే జంపింగ్ అంటే పిచ్చి. చిన్నాడికి ఆరేళ్లు, జీను మీద కూర్చుని జీడితోట చుట్టూ ఒక రౌండు తిరిగితే చాలు. విజయనగరం పక్కన మాకున్న కాస్త జాగాలో రెండు గుర్రాలను మేపలేం. ఇద్దరికీ సరిపడే ఒక్క గుర్రం కోసం దాదాపు ఏడాది వెతికాను. ఆ వెతుకులాటలో తెలిసినవి ఇవి.

గుర్రం కావాలనగానే చాలామంది చెప్పేది రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతి గుర్రం. జంపింగ్ వరకే చూస్తే అది చాలా గొప్ప గుర్రం. పొడుగు కాళ్లు, వెనక భాగంలో మంచి బలం. రెండేళ్ల వయసుకే పందేల్లోకి దింపుతారు కాబట్టి కుర్రతనంలోనే అమ్మకానికి వస్తుంది. చిక్కంతా దాని అలవాట్లతోనే. పందెంలో జాకీ పగ్గాలు బిగిస్తే కళ్లేనికి ఆనుకుని ఇంకా ముందుకు పోవడం నేర్చుకుంది. భయపడిన పిల్లలు చేసేదీ అదే, పగ్గాలు గట్టిగా లాగడం! పైగా మూపు దగ్గర ఎత్తు సుమారు 5 అడుగుల 4 అంగుళాలు. అంత ఎత్తు నుంచి ఆరేళ్లవాడు పడితే అన్న ఆలోచనే నన్ను భయపెట్టింది. మన తీరంలో మే నెల ఉక్కపోత మరో టెన్షన్. ఇలాంటి వాతావరణంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. అప్పుడు ఒళ్లు కాలిపోతుంది, ఎగశ్వాస వస్తుంది.

ఇక పెళ్లి ఊరేగింపుల గుర్రం. లోపలికి వంగి కొసలు తాకే చెవులుంటే మార్వాడీ లేదా కాఠియావాడీ జాతి రక్తం ఉందని పోల్చుకోవచ్చు. బ్యాండు మేళం, బాణసంచా, జనం, దేనికీ బెదరదు. నాకు బాగా నచ్చింది. అమ్మే ఆయన కూడా "బాబూ, దీనికి పిల్లలంటే ప్రాణం" అన్నాడు. అబద్ధమని అనను. కానీ నోరు తెరిపించి చూస్తే కరుకు కళ్లెం రాపిడికి పెదవి మూలలు కాయకట్టి ఉన్నాయి. పగ్గం కాస్త బిగించగానే ముందుకాళ్లు ఎత్తి ఆడడం మొదలుపెట్టింది. దానికి నేర్పింది అదే మరి. ఆ గుర్రాన్ని తప్పుపట్టలేం, ఆ అలవాటు మరిపించడానికి నెలలు పడుతుంది. ఓపికా, చెయ్యి తిరిగిన మనిషీ ఉంటే తీసుకోండి. నా దగ్గర ఆ రెండోది లేదు.

పొట్టి టట్టు గుర్రం (పోనీ) చిన్నాడికి బంగారం. అయితే గుర్రం తన బరువులో ఐదో వంతుకు మించి మోయకూడదన్నది మంచి లెక్క. 180 కిలోల టట్టు జీనుతో కలిపి 36 కిలోలే మోయాలి. అంటే పెద్దమ్మాయి రెండేళ్లలో దిగిపోవాలి. ఇంకో మాట, పెద్దవాళ్లు ఎక్కలేని గుర్రానికి మొండితనం పట్టుకుంటే ఎక్కి సరిదిద్దేవాళ్లు ఉండరు.

చివరికి మేం తెచ్చుకున్నది 4 అడుగుల 8 అంగుళాల కలగలుపు జాతి ఆడగుర్రం, గౌరి. పన్నెండేళ్లది. "ముసలిదాన్ని కొన్నావేంట్రా" అని మా నాన్నకు ఇప్పటికీ అసంతృప్తే. నాకు కావలసింది ఆ వయసే. గుర్రానికి వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికే ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లు రకరకాల మనుషుల్ని మోసినదానికి వచ్చే నిదానం ఏ కుర్ర గుర్రానికీ రాదు. 350 కిలోలుంటుంది, నన్నూ మోస్తుంది.

కొనేముందు మూడుసార్లు వెళ్లాను, ఒకసారి చెప్పకుండా. నాలుగు గిట్టలూ ఎత్తనిచ్చింది. పక్కన గొడుగు తెరిస్తే చెవులు తిప్పి చూసి ఊరుకుంది. తోటి గుర్రాలను వదిలి ఒంటరిగా నడిచింది. సరుగుడు వాసాలు నేల మీద నాలుగున్నర అడుగుల ఎడంలో పరిచి నెమ్మది పరుగులో (ట్రాట్) పోనిస్తే తడబడకుండా దాటింది. ఆ తర్వాతే అడుగెత్తున రెండు వాసాలను అడ్డంగా కట్టి దూకించాం. హడావిడి పడలేదు, ఆగిపోనూ లేదు. డబ్బిచ్చే ముందు పశువైద్యుడి చేత కాళ్లు, ఊపిరితిత్తులు, పళ్లు చూపించాం. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండటం మన జిల్లావాళ్లకు పెద్ద ధైర్యం.

మేతలో మాత్రం జాగ్రత్త. ఉలవలున్నాయి కదా అని పోసేయకూడదు, ముందు గడ్డి కడుపునిండా పడాలి. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి వస్తుంది. తవుడు ఎక్కువైతే భాస్వరం పెరిగి ఎముకల్లో కాల్షియం తగ్గిపోతుంది.

జంపింగ్ వారానికి రెండు రోజులే. చంపావతి ఏటి ఇసుకలో వద్దన్నాను, లోతు ఇసుక కాళ్ల స్నాయువులను (టెండన్లను) లాగేస్తుంది. మిగతా రోజులు చిన్నాడివి. హెల్మెట్ పెట్టుకుని, రికాబుల్లో కాళ్లు దోపుకుని కూర్చుంటాడు, నేను తాడు పట్టుకుని నడుస్తాను. వాడు ఒక పక్కకు జారితే గౌరి తనంతట తానే ఆగుతుంది. పెద్దమ్మాయి ఇప్పుడు అడుగున్నర దాటుతోంది, రెండడుగులు ఎప్పుడని రోజూ అడుగుతోంది. వానలు తగ్గాక ఇద్దరినీ, గౌరినీ చింతపల్లి తీరానికి తీసుకెళ్లాలి, అలలు తడిపిన గట్టి ఇసుక మీద నడిపించడానికి.