గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేటా, డయాజిపామా?

బీపీ పెరిగిన గర్భిణికి ఫిట్స్ రావడాన్నే మన పెద్దలు గుర్రపువాతం అన్నారు. ఒకప్పుడు చాలాచోట్ల డయాజిపామ్ ఇచ్చేవారు. అది ఫిట్స్‌ను ఆపుతుంది, కానీ తల్లిని మత్తులో ముంచుతుంది. పుట్టిన బిడ్డ కూడా మగతగా ఉండవచ్చు.

మెగ్నీషియం సల్ఫేట్ అంతగా మత్తెక్కించదు. మనం ఎరిగిన భేది ఉప్పు ఇదే, కాకపోతే ఇక్కడ శుద్ధమైన ఇంజెక్షన్ రూపంలో. 1995లో ఫలితాలు వెలువడిన అంతర్జాతీయ పరీక్షలో, డయాజిపామ్ తీసుకున్నవారి కంటే మెగ్నీషియం సల్ఫేట్ తీసుకున్నవారికి ఫిట్స్ తిరగబెట్టే ముప్పు 52 శాతం తక్కువగా కనిపించింది.

అయితే దీనికి కాపలా తప్పదు. మోతాదు మించితే ముందు మోకాలి కుదుపు (మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగరడం) పోతుంది, ఆ తర్వాత ఊపిరే ఆగవచ్చు. అందుకే ప్రతి డోసుకు ముందు మోకాలి కుదుపు, శ్వాస, మూత్రం ఎంత వస్తోందో చూస్తారు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉంచుకుంటారు. నన్నడిగితే ఇదేమంత భారం కాదు: ఒక చిన్న సుత్తి, గడియారం, మూత్రపు సంచి, మెలకువగా ఉండే నర్సు.